పులిని తాకే టూరు కన్నా బహదూర్‌పురా జూపార్కు నయం

ముందుగా ఒక మాట: హైదరాబాద్ బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కుకు సోమవారం సెలవు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. బసకు నాంపల్లి, అఫ్జల్‌గంజ్ వైపు లాడ్జీలు చాలు, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. గేటు తెరిచే వేళకే లోపల ఉండాలి. సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకుంటుంది, ఎండ ముదిరాక దాని వీపు తప్ప ఏమీ కనబడదు. స్థలం 380 ఎకరాలు, కాబట్టి ముసలివాళ్లు వెంట ఉంటే బ్యాటరీ బండి ఎక్కించండి.

పెద్దపులి దగ్గరికి వెళ్లాక కాసేపు గోడ వైపు కూడా చూడండి. మనకూ దానికీ మధ్య కందకం, ఇటు పక్కన పిట్టగోడ. కందకం లోతూ వెడల్పూ పులి ఎంత దూరం దూకగలదో లెక్కగట్టి తవ్వినవి. మనిషి దిగకుండా ఆపే శక్తి వాటికి లేదు. ఫోటో కోసం పిల్లల్ని పిట్టగోడ మీద కూర్చోబెట్టడం, నిద్ర లేపాలని రాళ్లు విసరడం ఇక్కడ మామూలైపోయాయి. ఈ జూలోనే 2016లో ఒకడు సింహాల ఆవరణలోకి దిగితే, 2021లో మరొకడు దిగబోతే సిబ్బంది ప్రాణాలతో బయటికి లాగారు. తిరుపతి జూలో 2024 ఫిబ్రవరిలో దిగినవాడు బతకలేదు. జంతువును రెచ్చగొట్టినా, తిండి విసిరినా 1972 వన్యప్రాణి చట్టం 38-జె సెక్షన్ కింద నేరమే. కానీ మొదటి తప్పుకు గరిష్ఠంగా ఆరు నెలల జైలు. ప్రాణాలతో చెలగాటానికి ఇది చాలా తక్కువ, పెంచి తీరాలి.

ఇక బ్యాంకాక్ ప్యాకేజీలు. అమీర్‌పేట, హిమాయత్‌నగర్ ఏజెంట్ల దగ్గర అడిగేటప్పుడు పులికూనను ఒళ్లో పెట్టుకునే ఫోటో ఉందేమో చూసుకోండి. కూన ముద్దుగా, చేతికి లొంగేలా ఉండేది కొన్ని వారాలే. అందుకే తల్లి దగ్గర్నుంచి ముందే లాగేస్తారు, కొత్త కూనల కోసం మళ్లీ మళ్లీ ఈనిస్తారు. పెరిగిన పులి ఎటు పోతుందో ఎవరూ చెప్పరు. 2016లో థాయిలాండ్ కాంచనబురిలో పులుల్ని సందర్శకులకు చూపించే బౌద్ధ గుడి నుంచి 137 పులుల్ని తరలించినప్పుడు ఫ్రీజర్లో 40 చచ్చిన కూనలు దొరికాయి.

మన దగ్గర సర్కస్‌లో పులులూ సింహాలూ ఆడటాన్ని 1998లోనే ఆపేశారు, ఇంట్లో పెంచడమూ కుదరదు. కొత్తగా ఇంట్లో పెంచుకోవడాన్ని ఆపడానికి అమెరికాకు 2022 డిసెంబరు దాకా పట్టింది. అక్కడ ఇప్పుడు జనం పులిని తాకకూడదు, శాశ్వత అడ్డు లేకపోతే 15 అడుగుల దూరం తప్పనిసరి. థాయిలాండ్ టూరుకు కూడా ఇదే కొలత పెట్టుకోండి. ప్యాకేజీలో టైగర్ ఫోటో ఉంటే తీసేయించి, బదులు ఏం చూపిస్తారో రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.