చిగురుగుంట గని ఫోటోలు స్కాన్ చేయించిన చిత్తూరు స్టూడియో: నా రివ్యూ

మా నాయన గుడుపల్లె మండలం చిగురుగుంట బంగారు గనిలో పనిచేశాడు. 2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూసేసినప్పుడు కోలారుతో పాటు మా గనీ ఆగిపోయింది, కుప్పమని, బెంగళూరని, చిత్తూరని తలో దిక్కు పోయాం. కోలారు సంగతి వేరు, 1880లలో జాన్ టేలర్ అనే ఇంగ్లీషు కంపెనీ గనుల్లోకి దిగడం, 1902లో శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు రావడం అన్నీ పుస్తకాలకెక్కాయి. మా గనికి ఉన్నవల్లా ట్రంకు పెట్టెల్లోని ఫోటోలు, వాటిలో ఎవరున్నారో చెప్పగలిగే పెద్దవాళ్లు. అందుకే తెలిసిన ఇళ్లన్నీ తిరిగి ఫోటోలు పోగుచేసి, చిత్తూరు గాంధీ రోడ్డు దగ్గరున్న ఒక స్టూడియోలో ఇచ్చాం.

స్కానింగ్ చాలా బాగా చేశారు. 600 డీపీఐలో, అంటే చిన్న వివరాలు కూడా కనిపించేంత స్పష్టంగా తీశారు, ఆల్బమ్‌కు అతుక్కుపోయినవాటిని పీకకుండా పేజీతో సహా పెట్టారు. అడక్కుండానే ఫోటోల వెనకవైపు కూడా స్కాన్ చేశారు, అందుకు వాళ్లకు దండం పెట్టాలి, పేర్లు, షిఫ్టు, ఏ పండగ అన్నది మావాళ్లు అక్కడే రాసుకున్నారు. ఆ ప్రింట్లు పట్టుకుని కుప్పంలో పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటే ఒకాయన "వీడు మా బావమరిది" అన్నాడు, పక్కనున్నాయన "కాదన్నా, కేజ్ (గనిలోకి దించే లిఫ్టు) దగ్గర గంట కొట్టేవాడు, ఆ చెయ్యి చూడు" అన్నాడు. అట్లా ఒకరు మొదలుపెడితే ఇంకొకరు సరిదిద్దుతూ చాలా ముఖాలకు పేర్లు దొరికాయి. మా అవ్వకైతే వెనక నిలబడిన ఆడవాళ్లందరి పేర్లూ గుర్తే.

నచ్చనిది రీటచింగ్. షిఫ్టు దిగి పైకొచ్చినవాళ్ల ఫోటోలో ముఖాల మీది దుమ్మంతా తుడిచేసి, తెల్లగా, పెళ్లి ఫోటోలా చేసిపెట్టారు. నాకు కడుపు మండింది. ఆ దుమ్ము మరక కాదు, వాళ్ల పని. చెబితే గొడవ పడకుండా, డబ్బు అడగకుండా మార్చి ఇచ్చారు, ఒరిజినల్ స్కాన్ వేరుగా ఉంచారు కాబట్టి సరిపోయింది.

ఫోటోకు 30 రూపాయలు, ఎక్కువేమీ కాదు. పాత క్యాసెట్లలోని పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మాత్రం వాళ్లే చేయరు, చెన్నైకి పంపిస్తారు. మా కాలనీ భజన క్యాసెట్ ఆలస్యంగా వచ్చింది, ఒక వైపు పాటలే లేవు. ఫోటోలకైతే వెళ్లండి, రీటచ్ వద్దని రసీదు మీద ముందే రాయించుకోండి.