ఈజీఆర్ మూసేసి మూడేళ్లు, మళ్లీ తెరిచి ఏడాదిన్నర

"ఈజీఆర్ మూసేయ్, బండి కొత్తదానిలా లాగుతుంది." పాత డీజిల్ ట్రక్కు కొన్న ప్రతివాడికీ ఈ సలహా ఏదో ఒక రోజు తగులుతుంది. ఈజీఆర్ అంటే ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు. నేను విన్నాను, నమ్మాను, మూయించాను. మూడేళ్లలో లక్షా పదివేల కిలోమీటర్లు అలాగే తిప్పాను. తర్వాత మళ్లీ పెట్టించాను, దానికీ ఏడాదిన్నర అయింది. ఒకే బండిని రెండు రకాలుగానూ నడిపాను కాబట్టి ఇది రాస్తున్నాను.

నాది నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్, కామన్ రైల్. ఈజీఆర్ వాల్వు, ఆ పొగను చల్లబరిచే ఒక కూలర్, సైలెన్సర్ వైపు పొగను శుద్ధి చేసే ఒక క్యాటలిస్ట్ ఉన్నాయి. మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ గానీ, నత్రజని ఆక్సైడ్లను తగ్గించే యూరియా ట్యాంకు గానీ లేవు. నేను సెకండ్ హ్యాండ్‌లో కొనేసరికే బాగా తిరిగిన బండి.

మొదట్లో బాగానే ఉంది. ఆర్నెల్లకు ఎక్కుడులో లోడు లాగడం తగ్గింది, గేరు మార్చినప్పుడల్లా నల్లపొగ, మీటరు మీద చెక్ ఇంజిన్ లైటు. మెకానిక్ ఇంటేక్ మానిఫోల్డ్, అంటే సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాలు, విప్పి నన్ను పిలిచాడు. మూడు వేళ్లు పట్టాల్సిన దారిలో ఒక్క వేలు పట్టడమే కష్టంగా ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే మసి పొడిగా రాలలేదు, తారులా సాగుతూ ముద్దలుగా ఊడింది. "చూశారా అన్నా, సైలెన్సర్‌లో పోవాల్సిందంతా మీ ఇంజిన్ మళ్లీ మింగుతోంది" అన్నాడు. కళ్లెదుట ఆ ముద్ద కనిపిస్తుంటే కాదనడానికి నోరు రాలేదు. శుభ్రం చేశాడు, ఈజీఆర్ దారికి అడ్డంగా స్టీలు ప్లేటు బిగించాడు, కూలర్ తీసేశాడు. రెండు రోజుల్లో లైటు మళ్లీ వెలిగింది. స్కానర్ పెడితే పీ0401, అంటే ఈజీఆర్‌లో ప్రవాహం చాలడం లేదని. ప్లేటు బిగించింది మేమే, ఇంక ప్రవాహం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజిన్ కంప్యూటర్‌లో ఆ లెక్క కూడా ఎవరి చేతో తీయించాడు.

మొదటి నెల నిజంగా బండి ఎగిరింది. దొరికిన ప్రతివాడికీ చెప్పాను.

కానీ అదే రోజు మానిఫోల్డ్ శుభ్రమైంది, ఎయిర్ ఫిల్టర్ మారింది, టర్బో పైపుకు వదులైన క్లిప్పు కూడా బిగిసింది. మూడు పనులు కలిసి చేయించి, మెప్పంతా ఆ ప్లేటుకే ఇచ్చాను. ఈ సంగతి నాకు మూడేళ్ల దాకా తట్టలేదు.

లాభాలు బొత్తిగా లేవని అనను. ఆయిల్ నల్లబడటం నెమ్మదించింది, మార్చే టైముకు కూడా కాస్త పల్చగానే ఉండేది. కింది ఆర్‌పీఎంలో టర్బో కొంచెం ముందుగా అందుకునేది, ఎందుకంటే ఎగ్జాస్ట్ మొత్తం దాని గుండానే పోతుంది. మానిఫోల్డ్ మళ్లీ మూసుకుపోలేదు. మైలేజీ మాత్రం మాటల్లోనే పెరిగింది. నా డైరీలో మానిఫోల్డ్ మూసుకుపోయిన రోజుల్లో లీటరుకు 7.6 ఉంది, ప్లేటు పెట్టాక 8.4, మళ్లీ ఈజీఆర్ బిగించాక 8.3. ఆ చివరి పాయింటు తేడా టైర్లలో గాలి తగ్గినా వస్తుంది.

ఇక చెడు వైపు. ఉదయం స్టార్ట్ చేయగానే టకటక శబ్దం పెరిగింది. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ తక్కువ. దాన్ని కొంచెం లోపలికి కలిపితే డీజిల్ నెమ్మదిగా, తక్కువ వేడిలో మండుతుంది. ఈజీఆర్ చేసే పని అంతకన్నా ఏమీ లేదు. అది ఆగిపోతే మంట ఒక్కసారిగా అందుకుంటుంది, సిలిండర్‌లో వేడి పెరుగుతుంది. ఆ వేడికి గాలిలోని నత్రజని ఆక్సిజన్‌తో కలిసి నత్రజని ఆక్సైడ్లు పుడతాయి. చలికాలంలో ఇంజిన్ వేడెక్కడం కూడా ఆలస్యమైంది. కూలర్ ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ వేడి కొంత కూలెంట్‌కు చేరేదని అది పోయాకే తెలిసింది.

గోడౌన్‌లోకి రివర్స్ పెట్టినప్పుడు సరుకు దించేవాళ్లు "ఇంజిన్ ఆపన్నా, కళ్లు మండుతున్నాయి" అనేవారు. పొగ చూస్తే ఏమీ కనపడదు, ఒకలాంటి ఘాటు మాత్రం గొంతుకు తగులుతుంది. నల్లపొగ పోయింది కదా, బండి శుభ్రంగా ఉందని నేననుకున్నాను. నత్రజని ఆక్సైడ్లు అంత సులువుగా కంటికి దొరకవు. డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే చేర్చింది. అది చదివిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గోడౌనే.

తనిఖీలో ఇంకో తమాషా. పొగ మీటరు పెడితే పాస్. ఆ మీటరు చూసేది పొగ ఎంత చిక్కగా ఉందనే గానీ నత్రజని ఆక్సైడ్లను కాదు. అయిపోయిందనుకొని తాళం చేతిలోకి తీసుకుంటుంటే ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తించి టార్చి వేశాడు. కూలర్ ఉండాల్సిన చోట ఖాళీ, పక్కన మెరిసే ప్లేటు. మొత్తం యథాతథంగా బిగించి రమ్మన్నాడు. కంపెనీ బిగించిన పొగ నియంత్రణ పరికరం తీసేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, నాకూ తెలియక కాదు. పాత బండి కదా, ఎవరు చూస్తార్లే అనుకున్నాను.

పాత కూలర్ కోసం మెకానిక్‌ను అడిగితే ఎప్పుడో తుక్కులో వేశానన్నాడు. కొత్త వాల్వు, కొత్త కూలర్, గాస్కెట్లు, కంప్యూటర్ మళ్లీ మామూలుగా చేయించడం అన్నీ నా జేబులోంచే. ఎవరైనా ఎలాగైనా తీయించే తీరతానంటే, తీసిన సామాను మాత్రం ఇంటికి తెచ్చుకోమంటాను.

ఈసారి ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఈజీఆర్ ముట్టుకోకముందు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి టెస్టుకు పంపాడు. నాలుగింట్లో రెండు కారుతున్నాయి. అవసరం కన్నా ఎక్కువ డీజిల్ పడి, సరిగ్గా మండక మసి అవుతోంది. తర్వాత క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే భాగం) నుంచి ఇంటేక్‌కు వచ్చే గొట్టం చూపించాడు. ఆయిల్ ఆవిరిని విడదీసే ఫిల్టర్ మూసుకుపోయి, గొట్టం లోపలంతా ఆయిల్ తడి. "మసి ఒక్కటే అయితే పొడిగా పోతుంది సార్, ఆయిల్ తగిలితేనే తారవుతుంది" అన్నాడు. మొదటిసారి ఊడిన ఆ ముద్ద అప్పుడు అర్థమైంది. ఈజీఆర్ మసిని మోసుకొచ్చింది నిజమే, కానీ అంత మసి చేసింది నాజిళ్లు, దాన్ని అతికించింది ఆయిల్. మూడేళ్లు నేను మోసుకొచ్చేవాడినే తిడుతూ కూర్చున్నాను.

నాజిళ్లు బాగు చేయించి, ఆ ఫిల్టర్ మార్పించి, ఈజీఆర్ బిగించాక బండి పికప్ ప్లేటు ఉన్నప్పటికన్నా తగ్గలేదు. యాభై వేల కిలోమీటర్ల దగ్గర, అనుమానం తీరక, మానిఫోల్డ్ మళ్లీ విప్పించాను. గోరుతో గీస్తే గీత పడేంత పల్చటి పొడి మసి. గుడ్డతో తుడిస్తే పోయింది.

కూలర్ విషయంలో మాత్రం భయపడేవాళ్లను తప్పు పట్టను. అది లోపల పగిలితే కూలెంట్ ఇంజిన్‌లోకి పోతుంది. బండి కింద చుక్క పడదు, డబ్బాలో మాత్రం మట్టం తగ్గుతూ ఉంటుంది, తెల్లటి పొగ తీయటి వాసనతో వస్తుంది. సిలిండర్‌లో నీళ్లు నిలిచి రాడ్ వంగిన ఇంజిన్లూ ఉన్నాయి. అందుకే నెలకోసారి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం దగ్గర గీత గీసి చూస్తాను. తగ్గితే ప్రెషర్ టెస్టు చేయించాలి, అంతేగాని ప్లేటు కాదు.

డీపీఎఫ్ ఉన్న బండ్లవాళ్లు నా అనుభవాన్ని అలాగే అన్వయించుకోవద్దు. దాని కథ వేరు. పట్టిన మసిని సుమారు 600 డిగ్రీల దగ్గర కాల్చుకుంటుంది. ఎప్పుడూ దగ్గర ట్రిప్పులే అయితే ఆ వేడి అందక మూసుకుపోతుంది. నాకు తెలిసిన ఒకాయన లోపలి జల్లెడ పగలగొట్టించి ఖాళీ డబ్బా బిగించుకున్నాడు. సైలెన్సర్ కొసలో వేలు పెడితే వేలంతా నలుపు. అంతకుముందు అదే చోట తెల్ల గుడ్డ పెట్టినా మరక పడేది కాదు.

ప్లేటుకు మార్కులు అడిగితే పదికి మూడు. ఆ మూడూ ఆయిల్ త్వరగా నల్లబడనందుకూ, టర్బో ముందుగా అందుకున్నందుకూ. ఇప్పుడు చెక్ ఇంజిన్ లైటు ఆరి ఉంది, పోయిన నెల తనిఖీలో బానెట్ ఎత్తినా ఏమీ అనలేదు. నాజిళ్లు మళ్లీ టెస్టుకు పంపే టైము దగ్గర పడింది, వచ్చే సర్వీసులో పంపిస్తాను.