జలాంతర్గాములను పరీక్షించే సరస్సు ఒడ్డున

అమెరికాలోని ఐడహో రాష్ట్రానికి సముద్ర తీరం లేదు. అయినా అమెరికా నౌకాదళం తన జలాంతర్గాముల నమూనాలను తీసుకొచ్చి అక్కడి పాండొరే సరస్సులోనే దించుతుంది. సియాటిల్ నుంచి ఐ-90 మీద కోర్డలేన్ దాకా వెళ్లి, 95వ నంబరు రహదారిపై ఉత్తరంగా ఆతోల్ చేరి, అక్కడ తూర్పుకు తిరిగితే ముందు ఫారగట్ పార్కు వస్తుంది. దాన్ని దాటాక సరస్సు అంచున బేవ్యూ అనే చిన్న ఊరు. ఆగుతూ, పిల్లలకు ఏదో ఒకటి కొనిపెడుతూ వెళ్లేసరికి మాకు సాయంత్రమైంది.

బస మూడు చోట్ల మార్చి చూశాం. కోర్డలేన్‌లో గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనానికి లోటు లేదు. కానీ వేసవిలో అద్దె చూస్తే గుండె ఝల్లుమంటుంది, పైగా అక్కడ కనిపించేది వేరే సరస్సు. పార్కులోని చెక్క గదులు చవక. పక్క బట్టలు మనమే తీసుకెళ్లాలి, స్నానానికి బయటికి నడవాలి. పిల్లలకు అదే సరదా, మా అత్తగారికి మాత్రం కాదు. బేవ్యూలో దొరికిన గది పాతది. వేడినీళ్లు తీరిగ్గా వచ్చేవి, వైఫై పేరుకే ఉంది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. కిటికీ తెరిస్తే పడవల రేవు, నీటిపై తేలే ఇళ్లు, వాటి పక్కనే కంచె వేసిన నౌకాదళ స్థావరం.

నేను విశాఖలో పెరిగాను. మా చిన్నతనంలో నేవీ అంటే పొడవాటి గోడ, దాని మీద ఫొటోలు తీయరాదన్న బోర్డు. ఇక్కడా హెచ్చరిక బోర్డులు ఉన్నాయి గానీ, చేపలు పట్టేవాళ్లు వాటి ముందు నుంచే తాపీగా పడవలు నడుపుకుంటూ పోతున్నారు. మా గది యజమానురాలు పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. పరీక్షలు ఎక్కువగా రాత్రిపూట జరిగేవని, విహార పడవల మోత తగ్గాలి కదా అని చెప్పింది. చిన్నప్పుడు సరస్సు మధ్యలో దీపాలు కనిపిస్తే ఆ రోజు పని నడుస్తోందని అర్థమట. బడిలో తోటి పిల్లల్ని మీ నాన్న ఏం చేస్తారని అడిగితే "పడవ మీద పని" అనేవాళ్లట. అంతకు మించి ఎవరూ అడిగేవారు కాదట.

నౌకాదళం ఇంత దూరం రావడానికి కారణం లోతు, నిశ్శబ్దం. ఈ సరస్సు గరిష్ఠంగా 1,150 అడుగుల లోతు ఉంటుంది. జలాంతర్గామికి ప్రాణం దాని నిశ్శబ్దంలో ఉంది. అది ఎంత చప్పుడు చేస్తోందో కొలవాలంటే చుట్టూ ఇంకే చప్పుడూ ఉండకూడదు. సముద్రంలో అలలు, ఓడల రొద ఉంటాయి, ఇక్కడి లోతు నీళ్లలో, అందులోనూ రాత్రిపూట, ఆ చప్పుళ్లు చాలా తక్కువ. సీవుల్ఫ్ తరగతి జలాంతర్గాములకు నాలుగో వంతు సైజు నమూనాగా కొకానీ అనేది 1987లో వచ్చింది. తర్వాత వర్జీనియా తరగతి కోసం కట్‌త్రోట్ వచ్చింది. కట్‌త్రోట్ పొడవు 111 అడుగులు, బరువు 205 టన్నులు, లోపల మనుషులు ఉండరు. రెండు పేర్లూ ఈ సరస్సులో దొరికే చేపలవే.

ఇవి కళ్లతో చూడొచ్చని వెళ్తే నిరాశ తప్పదు. స్థావరంలోకి మనల్ని రానివ్వరు. జలాంతర్గామి లోపలికి దూరి చూడాలంటే మన విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర ఉండనే ఉంది.

ఫారగట్ పార్కుకు మాత్రం ఒక పూట కాదు, రోజంతా కేటాయించండి. 1942లో ఇక్కడ నౌకాదళ శిక్షణ కేంద్రం తెరిచారు. జపాను విమానాలకు అందనంత లోపల ఉండటం దీని అర్హతల్లో ఒకటి. 1946లో మూసేలోగా 2,90,000 మందికి పైగా కుర్రాళ్లు ఇక్కడ నావికులయ్యారు. చాలామంది అప్పటిదాకా సముద్రం మొహం చూసి ఉండరు. బారకులు పోయాయి, శిక్ష పడినవాళ్లను ఉంచిన జైలు భవనం మిగిలింది. అదే ఇప్పుడు మ్యూజియం. ఇనుప తలుపు వెనుక ఇరుకు గదిలో నిలబడితే చేతులు చాపడానికి చోటు చాలదు. మా అబ్బాయి లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు. గోడల మీద శిక్షణ బృందాల ఫొటోలు ఉన్నాయి. తెల్లటి టోపీల కింద అన్నీ పద్దెనిమిదేళ్ల మొహాలే, ఒక్కరూ నవ్వడం లేదు. అక్కడున్న పెద్దాయన పిల్లల ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పాడు. యాత్ర మొత్తంలో మాకు దక్కిన అత్యుత్తమ సేవ అదే.

అద్దె పడవ అనుభవం చేదుగా మిగిలింది. చెప్పిన వేళకు పడవ సిద్ధంగా లేదు, ఇంధనం లెక్క తిరిగొచ్చాకే చెప్పారు. ముందే ధర కాగితం మీద రాయించుకోండి. నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి, పిల్లలకు లైఫ్ జాకెట్లు మరవొద్దు.

శాకాహారులకు బేవ్యూలో కష్టమే. మేం రైస్ కుక్కర్, ఆవకాయ, పప్పుపొడి పట్టుకెళ్లాం కాబట్టి గడిచింది. సరుకులు కోర్డలేన్‌లోనే కొనుక్కోవడం మంచిది. వెళ్తే జులై, ఆగస్టుల్లో వెళ్లండి, మ్యూజియం వేసవిలోనే తెరుస్తారు. పార్కు గదులు మాత్రం నెలల ముందే బుక్ చేసుకోవాలి.