పైలాన్ కాలనీ క్వార్టరు, నలభై ఏళ్ళ తర్వాత

మా నాన్నగారు నాగార్జునసాగర్ ప్రాజెక్టులో వర్క్‌ఛార్జ్‌డ్ ఉద్యోగిగా, అంటే పని పద్దు కింద జీతమిచ్చే ఉద్యోగిగా, చేరింది డ్యామ్‌కు గేట్లు బిగిస్తున్న రోజుల్లో. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలినప్పటికీ, పైనున్న 26 గేట్ల పని ముగిసేసరికి 1974 వచ్చింది. ఆ పని కోసమే పైలాన్ కాలనీలో మాకొక క్వార్టరు ఇచ్చారు. నేను ఊహ తెలిసి చూసిన మొదటి ఇల్లు అదే. 1985లో నాన్నగారికి వేరే ప్రాజెక్టుకు బదిలీ కావడంతో ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాము, మళ్ళీ ఎవ్వరమూ అటు వెళ్ళలేదు. నాన్నగారు పోయిన తర్వాత ఆయన పాత కాగితాలు సర్దుతుండగా ఆ క్వార్టరు కేటాయించిన ఉత్తర్వు దొరికింది. దాన్ని చూసినప్పటి నుంచి అక్క ఒకటే పోరు పెట్టింది. గత ఫిబ్రవరిలో ఇద్దరమూ మూడు రోజులకని బయలుదేరాము.

హైదరాబాదు నుంచి సాగర్ సుమారు 150 కిలోమీటర్లు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో ఎక్కితే ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా బస్సు నాలుగు గంటల్లో దింపుతుంది. కారులో వెళ్ళేవారికి ఇంకా తొందరగా అవుతుంది కానీ, పెద్దవూర దాటాక గుట్టలు మొదలై, ఒక మలుపు దగ్గర నీళ్ళు హఠాత్తుగా కనబడే ఆ క్షణాన్ని బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూడడమే నాకు ఇష్టం. చిన్నప్పుడు వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు, ఆ నీళ్ళు కనబడగానే అమ్మ సంచులన్నీ ఒకచోటికి చేర్చుకునేది. ఈసారి అక్క కూడా చెప్పకుండానే సంచులు దగ్గరికి లాక్కుంది.

బస విషయంలో మాకు మొదటి రోజు మంచి అనుభవం ఎదురుకాలేదు. జలాశయం వైపు గది ఇస్తామని ఫోనులో చెప్పిన ఒక ప్రైవేటు లాడ్జిలో, తీరా వెళ్ళాక వెనక గోడకు ఎదురుగా ఉన్న గది చూపించారు, డబ్బు ముందే కట్టాము కనుక మారడానికి వీల్లేదన్నారు. వేడినీళ్ళు రాలేదు. దుప్పట్లు మార్చమని రెండుసార్లు అడగవలసి వచ్చింది. సాగర్‌లో గదికి ముందుగా డబ్బు కట్టవద్దని, గది చూసిన తర్వాతే కట్టమని వెళ్ళేవారికి నా మనవి. మరుసటి రోజు హిల్ కాలనీలో తెలంగాణ పర్యాటక సంస్థవారి విజయ విహార్‌కు మారాము. జలాశయాన్ని చూస్తూ కూర్చోవడానికి చోటున్న బస అది. తెల్లవారుజామున నీటి మీద పొగమంచు ఉండగా ఏ పనీ పెట్టుకోకుండా ఒక గంట కూర్చోగలిగాము, ఆ ఒక్క గంట కోసమైనా అక్కడ దిగడం సబబే అనిపించింది. అయితే వర్షాకాలంలో గేట్లు ఎత్తారన్న వార్త వస్తే సాగర్‌లో ఎక్కడా గది దొరకదు. గేట్లు చూడాలనుకునేవారు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రద్దీకి సిద్ధపడి రావాలి, ఊరిని చూడాలనుకునేవారికి మాత్రం ఫిబ్రవరి నెలే మేలు.

భోజనం సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. బస్టాండు దగ్గర ఒక చిన్న మెస్సులో చేపల పులుసు తిన్నాము, రెండు రోజులూ అక్కడికే వెళ్ళాము.

మేము వచ్చిన రోజు సాయంత్రం నాలుగింటికి పైలాన్ కాలనీకి నడిచి వెళ్ళాము. హిల్ కాలనీ గుట్ట మీద ఉంటుంది, పైలాన్ కాలనీ డ్యామ్‌కు దిగువన ఉంటుంది. ఆ తేడాయే మా చిన్నతనం. పైవాళ్ళకు నిండుగా నిలిచిన నీళ్ళు కనబడేవి, మాకు డ్యామ్ వెనక్కి తిరిగి నిలబడ్డట్టుండేది. గేట్లు ఎత్తిన రోజుల్లో ఆ హోరుకు ఇంట్లో మాట వినబడేది కాదు. తుంపర గాలికి కొట్టుకొచ్చి తీగ మీది బట్టలు ఆరేవి కావు. నాన్నగారు ఆ రోజుల్లో ఇంటికి రాకుండా గేట్ల దగ్గరే ఉండిపోయేవారు. అన్నం క్యారియరు పంపాక ఖాళీగా తిరిగివస్తే తిన్నారని, సగం మిగిలి వస్తే పని ఒత్తిడి ఎక్కువగా ఉందని అమ్మ లెక్క వేసుకునేది.

క్వార్టర్ల వరుసలో మా ఇల్లు ఏదో గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. నంబర్లు మారాయి, కొన్ని ఇళ్ళకు ముందు వరండాలు కట్టుకున్నారు, కొన్ని పాడుబడి వాటి చుట్టూ తుమ్మ మొలిచింది. చివరికి అక్క ఒక కిటికీ ముందు ఆగిపోయింది. దానికి నిలువుగా ఆరు ఇనుప ఊచలు. మధ్యలో ఉన్న రెండు ఊచలు ఒకదానికొకటి ఎడంగా, విల్లులా బయటికి వంగి ఉన్నాయి. వాటిని వంచింది మా నాన్నగారే. ఆయన రాత్రి షిఫ్టులో ఉన్నప్పుడు పాలవాడు నాలుగున్నరకే వచ్చేవాడు, చీకట్లో తలుపు తీయడానికి అమ్మ భయపడేది. అందుకని ఒక ఆదివారం నాన్నగారు ఎక్కడినుంచో చిన్న జాకీ తెచ్చి, ఆ రెండు ఊచల మధ్య పెట్టి, పాలగిన్నె సరిగ్గా పట్టేంత ఎడం చేశారు. ఎంత ఎడం కావాలో చూడడానికి అమ్మ గిన్నె పట్టుకుని నిలబడడం, ఆయన ఒక్కో తిప్పుకూ ఆగి "ఇప్పుడు చూడు" అనడం నాకు లీలగా గుర్తుంది. ఇప్పుడు ఆ ఊచలకు నీలం రంగు వేసి ఉంది. రంగు పెచ్చులూడిన చోట లోపల పచ్చరంగు, దాని కింద మేమున్నప్పటి ఎర్రరంగు కనబడుతున్నాయి.

అక్క చెయ్యి లోపలికి పెట్టబోయి, పరాయివాళ్ళ ఇల్లని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. అప్పుడే తలుపు తీసుకుని ఒకావిడ బయటికి వచ్చారు. ముప్పై ఐదేళ్ళుంటాయి. మేము ఎవరమో చెప్పాము. ఆవిడ మమ్మల్ని తేరిపార చూసి, "ఊచలు మీ నాన్నగారు వంచారా! దొంగలెవరో వంచారని ఇన్నాళ్ళూ అనుకున్నామండీ. మా అత్తగారైతే రాత్రి పూట ఆ కిటికీ రెక్కలు మూసేదాకా నిద్రపోరు" అన్నారు. ఆ తర్వాత మేము అడగకుండానే లోపలికి రమ్మన్నారు.

రెండు గదులు, వంటిల్లు, వెనక దొడ్డి. రేకుల కప్పు కింద ఇప్పుడు సీలింగు వేయించుకున్నారు. మేము నలుగురం పడుకున్న ముందు గదిలో ఒక మంచమూ బీరువా పట్టేసరికి నడవడానికి దారి లేదు, అందులోనే మేము తాడాట ఆడుకునేవాళ్ళమంటే ఆవిడ నమ్మలేకపోయారు. వంటింటి గట్టు కూలగొట్టి గ్రానైటు వేశారు. దొడ్లో మాత్రం జాలారు అలాగే ఉంది. అంట్లు తోమే ఆ రాతిపలక ఒక మూల విరిగి ఉంటుంది. దాన్ని విరగ్గొట్టింది నేనే, రోకలి జారవిడిచి. విరిగిన ఆ మూలను కాలి బొటనవేలితో తడిమి చూశాను, అంచు నున్నగా అరిగిపోయింది. ఇన్నేళ్ళుగా నా తర్వాత ఎందరో అక్కడ అంట్లు తోమారని అప్పుడు తట్టింది. ఆ ఇంటిని మేము వదిలివెళ్ళిన ఇల్లుగానే నేను ఇంతకాలం తలచుకున్నాను, వాళ్ళంతా కాపురముంటున్న ఇల్లుగా ఒక్కసారీ తలచలేదు.

ఆవిడ టీ ఇచ్చారు. అక్క ఉత్తర్వు కాగితం తీసి చూపించింది, ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివి, తన పిల్లలను పిలిచి చూపించారు.

మరునాడు శుక్రవారం. జలాశయం మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ సంగతి తెలియక ఉదయమే లాంచీల దగ్గరికి వెళ్ళి తిరిగివచ్చే కుటుంబాలు రెండు మాకు ఎదురయ్యాయి. మేము ఆ రోజంతా ఒక ఆటో మాట్లాడుకున్నాము. 1800 రూపాయలకు ఎత్తిపోతల, అనుపు తిప్పి తీసుకువచ్చాడు. విడివిడిగా ఆటోలు మారడం కంటే ఇదే నయం, ఎందుకంటే ఎత్తిపోతల దగ్గర తిరుగు ఆటో దొరకడం కష్టం. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ జలపాతం ఫిబ్రవరిలో సన్నగా ఉంది. అనుపు మాకు ఎక్కువ నచ్చింది. జలాశయంలో మునగబోయే లోయ నుంచి రాయి రాయిగా తరలించి మళ్ళీ పేర్చిన రంగస్థలం అక్కడుంది, మూడు, నాలుగు శతాబ్దాల్లో ఆ లోయనేలిన ఇక్ష్వాకుల నాటిది. కింద మధ్యలో నిలబడి అక్క మామూలు గొంతుతో పిలిస్తే, పైమెట్టు మీద కూర్చున్న నాకు పక్కనుంచి పిలిచినట్టు వినబడింది. అక్కడ నీడ లేదు, తాగే నీళ్ళూ వెంట తీసుకెళ్ళాలి. ఎడమ గట్టున 2022లో ప్రారంభమైన బౌద్ధ ఉద్యానం బుద్ధవనం చూడడానికి మాకు సమయం చాలలేదు. 274 ఎకరాల్లో విస్తరించిన దానికి ఒక పూట విడిగా పెట్టుకోవాలి.

శనివారం కుడిగట్టున విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కాము. డ్యామ్ మీదికి ఇప్పుడు సందర్శకులను పోనివ్వరు కనుక దిగువనున్న వంతెన మీదుగానే అవతలి గట్టుకు వెళ్ళాలి. నాన్నగారి వేలు పట్టుకుని డ్యామ్ మీద నడిచిన మాకు అది కొంచెం కష్టంగానే అనిపించింది. ఎడమ గట్టు తెలంగాణ, కుడి గట్టు ఆంధ్రప్రదేశ్. మా రోజుల్లో అవి లెఫ్ట్ బ్యాంకు, రైట్ బ్యాంకు, అంతే. లాంచీ కదలాలంటే తగినంత మంది చేరాలి. మేము గంటకు పైగా ఎదురుచూశాము, ఎంతసేపు పడుతుందో చెప్పేవారు లేరు. కనీసం కూర్చోవడానికి నీడనిచ్చే చోటు ఇంకొంచెం ఉంటే పెద్దవాళ్ళకు బాగుండేది.

ఆ నిరీక్షణలోనే మా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు, వెంట మనవడు ఉన్నాడు. "యాడమ్మా మీది?" అని అడిగారు. పైలాన్ కాలనీలో పుట్టిపెరిగామని చెప్పాము. "మాది పుల్లారెడ్డిగూడెం" అన్నారు ఆవిడ, ఆ ఊరు ఇప్పటికీ ఉన్నట్టే.

నాగార్జునకొండ లోయలో ఉన్న ఊరది. 1926లో ఆ లోయలో బౌద్ధ శిథిలాలు మొదట బయటపడ్డాయి, ప్రాజెక్టు ఖాయమయ్యాక 1954 నుంచి 1960 వరకు పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. స్తూపాలనూ విహారాలనూ కొండ మీదికీ అనుపుకూ తరలించారు. అదే కాలంలో లోయలోని మనుషులను కూడా ఖాళీ చేయించి వేరేచోట్లకు పంపించారు. వాళ్ళ ఇళ్ళను మాత్రం ఎవరూ తరలించలేదు. చిన్నప్పుడు బడిలో మాకు డ్యామ్ పొడవూ ఎత్తూ నేర్పించారు, మునిగిన ఊళ్ళ పేర్లు నేర్పించలేదు. మా నాన్నగారికి జీతమూ, మాకు క్వార్టరూ ఇచ్చిన నీళ్ళ కింద ఈవిడ ఇల్లుందని నేను యాభై ఏళ్ళు దాటాక తెలుసుకున్నాను.

లాంచీ సుమారు గంటసేపు ప్రయాణించింది. మ్యూజియం బాగుంది, శుభ్రంగా ఉంది. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఫలకాలను దగ్గరగా నిలబడి చూడనిస్తారు. ఆవిడ శిల్పాలేవీ చూడలేదు. మునిగిపోయిన లోయ నమూనాను ఉంచిన చోటికి నేరుగా వెళ్ళి, దాని చుట్టూ నెమ్మదిగా తిరిగారు. ఆ నమూనాలో పురాతన కట్టడాలే ఉన్నాయి. ఆవిడ ఒకచోట వేలుపెట్టి, "ఈ కొండ ఇది. ఏరు ఇట్టా పోయిద్ది. అయితే మా ఇల్లు ఈడుండాల" అని మనవడికి చెప్పారు. ఏ బొమ్మా లేని ఉత్త నేల అది. పిల్లవాడు వంగి శ్రద్ధగా చూశాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ మా పక్కనే కూర్చున్నారు. ఎండ తగ్గింది, గాలికి నీళ్ళు అలలు తిరిగాయి. చాలాసేపు మౌనంగా ఉండి, "మీ ఇల్లుందా తల్లీ?" అని అడిగారు.

"ఉంది పెద్దమ్మా."

"లోపలికి పోనిచ్చారా?"

"పోనిచ్చారు. టీ కూడా ఇచ్చారు."

"ఎట్టుంది, చెప్పు."

అక్క మొదలుపెట్టింది. ముందు గది నుంచి, వంగిన ఊచల కిటికీ నుంచి, మంచమూ బీరువా ఎక్కడున్నాయో, వంటింటి గట్టు ఎటువైపుండేదో, దొడ్లో జాలారు పక్కన ఏ చెట్టుండేదో అన్నీ వరసగా చెబుతూ వచ్చింది. ఆవిడ మధ్యమధ్యలో ఆపి, గూళ్ళు ఎన్ని, నీళ్ళ కుండ ఏ మూల పెట్టేవాళ్ళు అని అడుగుతూ విన్నారు. లాంచీ గట్టుకు చేరేసరికి అక్క ఇంకా దొడ్లోనే ఉంది.