చీకటి గదికి ఏ మొక్క కొనాలి? విజయనగరం నర్సరీల్లో దొరికే వాటిపై మా అంచనా

విజయనగరం పాత వీధుల్లో చాలా ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వీధి గదిలో వెలుగు బాగానే ఉంటుంది, నడిమి గదిలో మాత్రం మిట్టమధ్యాహ్నమూ లైటు వేసుకోవాల్సిందే. అలాంటి గదికి మొక్క అడిగితే నర్సరీలో వినిపించే జవాబు ఒకటే: "ఇది ఇండోరేనండీ, ఏం కాదు." జెడ్‌జెడ్ (ZZ) మొక్కకీ అదే మాట, రంగురంగుల ఆకుల క్రోటన్‌కీ అదే మాట. చీకట్లో క్రోటన్ ఆకులన్నీ రాల్చేస్తుంది, జెడ్‌జెడ్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు.

కొనే ముందు వెలుగు చూసుకోండి. ఎండ కాసే రోజు పన్నెండింటికి లైట్లు ఆర్పి, కుండీ పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, అడుగు ఎత్తున చెయ్యి చాపండి. నీడలో వేళ్లు విడివిడిగా తెలిస్తే కింద మేం పర్వాలేదన్నవన్నీ బతుకుతాయి. మసక మచ్చలా కనిపిస్తే జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్ దాటి పోవద్దు. నీడే పడకపోతే మొక్కకి ఒక అడుగు ఎత్తున 10-12 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బల్బు బిగించి రోజూ 10-12 గంటలు వెలిగించాలి. అంత ఓపిక లేకపోతే కొనకండి.

మా మొదటి మార్కు జెడ్‌జెడ్‌కే. ఆకులు మైనం పూసినట్టు మెరుస్తాయి, మట్టిలో చిన్న బంగాళాదుంపల్లాంటి దుంపలు నీళ్లు దాచుకుంటాయి. చీకటి గదిలో మూడు నాలుగు వారాలకోసారి నీళ్లు చాలు. నిదానంగా పెరుగుతుంది కాబట్టే ధర కాస్త ఎక్కువ. చిన్నది కొని పెంచుదామనుకుంటే చీకట్లో ఏళ్లు పడుతుంది, కావలసిన సైజులోనే కొనడం మేలు. కొనేటప్పుడు కాడ మొదలు వేళ్లతో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే లోపల దుంప కుళ్లుతున్నట్టే.

తర్వాతి స్థానం స్నేక్ ప్లాంట్‌ది. పొడుగాటి ఆకుల పచ్చ రకం గట్టిది. గిన్నెలా గుబురుగా ఉండే పొట్టి రకం ముద్దొస్తుంది గానీ, ఆకుల మధ్య నీళ్లు నిలిస్తే మొవ్వు కుళ్లిపోతుంది. నీళ్లు ఆకుల మీద కాకుండా కుండీ అంచు వెంబడి పోయాలి. మొదలు కుళ్లినా మొక్క మొత్తం పోయినట్టు కాదు. గట్టిగా ఉన్న ఆకుని నాలుగంగుళాల ముక్కలుగా కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, కింది వైపు కిందికే ఉండేలా తడి ఇసుకలో గుచ్చండి. తలకిందులుగా గుచ్చితే వేరు పట్టదు. పసుపు అంచు రకమైతే ముక్కల నుంచి వచ్చే పిలకలకి ఆ అంచు ఉండదు, వట్టి పచ్చగా వస్తాయి.

మనీ ప్లాంట్ చవక, కానీ చీకట్లో ఆకు చిన్నదై, కణుపుల మధ్య దూరం పెరిగి, తీగ బోసిగా సాగుతుంది. పసుపు చారలూ మాసిపోతాయి. కిటికీకి నాలుగైదు అడుగుల్లోపు పెట్టగలిగితేనే తీసుకోండి. అగ్లోనిమాలో పచ్చ, వెండి రంగు రకాలు పర్వాలేదు, ఎర్రవి మాత్రం రంగు వెలిసి నీరసిస్తాయి. పీస్ లిల్లీ బతుకుతుంది, పువ్వు మీద ఆశ పెట్టుకోకండి.

అసలు తంటా మట్టితో. రాజమండ్రి దగ్గరి నర్సరీల ఊరు కడియం వైపు నుంచి వచ్చే మొక్కల్లో చాలావాటికి వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. నర్సరీలో గాలీ వెలుగూ ఉంటాయి కాబట్టి అది ఆరుతుంది, నడిమి గదిలో వారాల తరబడి తడిగానే ఉండి వేళ్లని కుళ్లబెడుతుంది. ఇంట్లో చచ్చే మొక్కల్లో ఎక్కువ పోయేది చీకటి వల్ల కాదు, ఈ తడి వల్లే. తెచ్చిన వారం పది రోజులకి ముద్ద బయటి మట్టిని నెమ్మదిగా రాల్చి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఏటి ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు, అరపాలు వర్మీకంపోస్టు కలిపి మార్చండి. జెడ్‌జెడ్‌కీ స్నేక్ ప్లాంట్‌కీ ఇసుక రెట్టింపు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, వాడొద్దు. కొబ్బరి పొట్టునీ రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి.

నీళ్లకి వారం లెక్క పెట్టుకోకండి. చీపురు పుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి, ఐదు నిమిషాలాగి తీయండి. మట్టి అంటుకుని వస్తే ఇంకా అక్కర్లేదు. పొడిగా వస్తే అడుగు కన్నాల్లోంచి కారేదాకా పోసి, పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయండి. డస్సిపోయిందని మొక్కని ఒక్కసారిగా ఏప్రిల్ ఎండలో పెడితే ఒక్క పూటలో ఆకులు మాడతాయి. వసారా నీడ చాలు.

"గాలిని శుద్ధి చేస్తుంది" అనే చీటీ చూసి అదనంగా డబ్బు పెట్టకండి. ఆ మాటకి మూలమైన 1989 నాటి నాసా ప్రయోగం మూసిన పెట్టెల్లో జరిగింది, తలుపులు తీసే ఇంట్లో కాదు. పాకే పిల్లలుంటే మాత్రం కుండీలు ఎత్తున పెట్టండి. జెడ్‌జెడ్, మనీ ప్లాంట్, అగ్లోనిమా, పీస్ లిల్లీ ఏది నమిలినా నోరు మండి వాస్తుంది. స్నేక్ ప్లాంట్ తింటే వాంతులవుతాయి.

డబ్బు ఇచ్చే ముందు ఆకు కాడని కలిసే మూలల్లో చూడండి. దూదిపింజల్లా తెల్లగా ఉంటే అది పిండినల్లి. గాలాడని గదిలో పక్క కుండీలకీ పాకుతుంది. మొక్క ఎంత గుబురుగా ఉన్నా అక్కడే వదిలేసి ఇంకోటి అడగండి.