రుగర్ 10/22, సీజెడ్ 457: ఏళ్ల తరబడి బారెళ్లు మార్చి చూసిన అనుభవం

నా దగ్గర రెండు .22 రైఫిళ్లున్నాయి. ఒకటి రుగర్ 10/22, రెండోది సీజెడ్ 457. మొదటిది కొని తొమ్మిదేళ్లు, రెండోది ఆరేళ్లు. మాది సత్తెనపల్లి వైపు, ఉండేది డాలస్ దగ్గర. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు ఇక్కడ తుపాకీ పట్టాలంటే చట్టంలో అడ్డంకులున్నాయి. హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు ఉన్నా, నేను మాత్రం గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా ఆగాను. ఈ రెండు రైఫిళ్లకూ కలిపి నాలుగు కొత్త బారెళ్లు (గుండు బయటికి పోయే గొట్టాలు) నా చేత్తోనే బిగించాను. ఒకటి వెనక్కి పంపేశాను, ఒకటి అమ్మేశాను, మిగతా రెండూ ఇప్పటికీ రైఫిళ్లకే ఉన్నాయి. డబ్బు ఎక్కడ పెట్టినందుకు ఫలితం కనిపించిందో, ఎక్కడ వృథా అయిందో రాస్తాను.

.22 లాంగ్ రైఫిల్ (.22 ఎల్‌ఆర్) గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం. 1887 నుంచీ ఉన్న చిన్న తూటా ఇది. దీన్ని పేల్చే మందు తూటా అడుగున అంచులో ఉంటుంది, సూది వచ్చి ఆ అంచునే కొడుతుంది. అందుకే రిమ్‌ఫైర్ అంటారు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో వాడేది ఈ తూటానే. మన హైదరాబాద్ గగన్ నారంగ్ ప్రోన్ పోటీల్లో పడుకుని కాల్చిందీ దీంతోనే. అక్కడ పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. యాభై మీటర్ల దూరం నుంచి మన చిటికెన వేలి గోరంత చోట్లో కొట్టడమన్నమాట. నేను పోటీలకు వెళ్లేవాణ్ణి కాదు. ఆదివారం పొద్దున్నే రేంజ్‌కి వెళ్లి 50 గజాల్లో కాగితం మీద ఐదేసి గుళ్లు కాల్చి, అవి ఎంత దగ్గరగా పడ్డాయో చూసుకుంటాను. నాకు ఇష్టమైన పని అదే.

ముందు రుగర్ సంగతి. 1964 నుంచీ తయారవుతున్న మోడల్ ఇది. దీనికి బారెల్ మార్చడం ఎంత సులువంటే, బారెల్‌ని తిప్పి విప్పే పెద్ద రెంచీలేవీ అక్కర్లేదు. బారెల్ వెనక భాగం నున్నగా ఉండి, అల్యూమినియం రిసీవర్లోకి (రైఫిల్ యంత్రాంగం ఉండే పెట్టెలోకి) జారుతుంది. కింద వీ-బ్లాక్ అని ఒక చిన్న ఇనప దిమ్మ, దానికి రెండు అలెన్ స్క్రూలు. అవి రెండూ విప్పితే బారెల్ చేతిలోకి వచ్చేస్తుంది. సులువుగా ఉండటం వల్లే చాలామంది ఇక్కడ తొందరపడతారు. నేనూ తొందరపడ్డాను.

బారెల్‌ని పట్టి ఉంచేది ఆ దిమ్మే, ఆ పట్టంతా కింది వైపే ఉంది. బారెల్ వెనక భాగం రిసీవర్లో ఏ కాస్త వదులుగా కూర్చున్నా ముక్కు కిందికి వాలుతుంది. ఇక్కడివాళ్లు దీన్ని బారెల్ డ్రూప్ అంటారు. దీనివల్ల నష్టమేంటంటే, స్కోప్ (గురి చూసే దుర్బిణి) ఉండేది రిసీవర్ మీద, బారెల్ మీద కాదు. రెండూ ఒకే వరసలో లేకపోతే గుండు స్కోప్ చూపించిన చోటికి పోదు. నా మొదటి కొత్త బారెల్‌కి సరిగ్గా ఇదే జరిగింది. 50 గజాల్లో కూడా స్కోప్‌లో గురిని పైకీ కిందికీ జరిపే ఎలివేషన్ నాబ్ దాదాపు చివరిదాకా పైకి తిప్పాల్సి వచ్చింది. పైగా నేను ఒక స్క్రూ పూర్తిగా బిగించాక రెండోది పట్టుకున్నాను. అలా చేస్తే దిమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. ఇరవై గుళ్లకోసారి గ్రూపు (గుళ్లు పడే గుంపు) జరిగిపోతుంటే తప్పు నాదో, తూటాదో, స్కోప్‌దో తేల్చుకోలేక రెండు నెలలు సతమతమయ్యాను. స్కోప్ మౌంట్లు విప్పి మళ్లీ బిగించాను, తూటాలు మార్చాను. చివరికి బారెల్ మూతిని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపితే, రిసీవర్ దగ్గర వెంట్రుకవాసి కదలిక తెలిసింది. స్క్రూలు విప్పి, బారెల్‌ని మళ్లీ సమానంగా బిగించినా ఆ కదలిక పోలేదు. అమ్మినవాళ్లకు చెబితే వెనక్కి తీసుకున్నారు గానీ, పంపే ఖర్చు నా మీదే పడింది.

రెండో బారెల్ 0.920 అంగుళాల మందం ఉన్న బుల్ బారెల్. మొదటిది ఎంత వదులో ఇది అంత బిగుతు. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. సుత్తి పట్టుకోవద్దని ముందే అనుకున్నాను కాబట్టి, బారెల్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున రిసీవర్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో చెయ్యి తట్టుకునేంత వేడి చేశాను. చల్లబడిన ఉక్కు కాస్త ముడుచుకుంది, వేడెక్కిన అల్యూమినియం కాస్త సాగింది. ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటాను బయటికి లాగే కొక్కెం) గాడి రిసీవర్లో ఎటు రావాలో ముందే పెన్సిల్‌తో గీత గీసుకుని, ఒక్క తోపుతో లోపలికి నెట్టాను. టక్ మని ఆనింది. ఆ గాడి కాస్త పక్కకు పోయినా ఖాళీ కేసు (గుండు పోయాక మిగిలే తూటా గొట్టం) సరిగ్గా బయటికి రాదు, అందుకే ఆ పెన్సిల్ గీత. ఫ్రీజర్లోంచి తీసిన ఇనుము మీద నిమిషంలో చెమట పడుతుంది. వెంటనే నూనె గుడ్డతో తుడవకపోతే తుప్పు ఖాయం. తర్వాత రెండు స్క్రూలనూ మార్చి మార్చి, పావు తిప్పు చొప్పున, టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే రెంచ్) బారెల్ తయారీదారు కాగితంలో ఇచ్చిన అంకె దాకా బిగించాను.

అక్కడితో పని అయిపోదు. ఫ్యాక్టరీ స్టాక్‌లో (రైఫిల్‌ని పట్టుకునే చెక్క భాగం) గాడి సన్న బారెల్‌కి సరిపడా ఉంటుంది, ముందు భాగంలో ఒక బ్యాండ్ కూడా ఉంటుంది. మందపాటి బారెల్ అందులో కూర్చోదు. ఒక పైపు ముక్కకు సాండ్ పేపర్ చుట్టి ఆ గాడిని వెడల్పు చేశాను. రెండు సాయంత్రాలు పట్టింది. మధ్యమధ్యలో బారెల్ కింద నుంచి కాగితం జారుస్తూ, ఎక్కడ ఆగితే అక్కడ చెక్క తీస్తూ పోయాను. బ్యాండ్ తీసేశాను. ఫ్యాక్టరీ బారెల్ మీద ఉన్న ఇనప సైట్లు కూడా పోయాయి కాబట్టి ఇక స్కోప్ తప్పనిసరి. ఇంకో మాట, రిసీవర్‌ని స్టాక్‌లోంచి ఎత్తేటప్పుడు సేఫ్టీ బటన్ సరిగ్గా మధ్యలో ఉండాలి, లేకపోతే చెక్కకు తగులుకుంటుంది. ట్రిగ్గర్ గ్రూప్ పట్టుకునే రెండు పిన్నులు కూడా వాటంతటవే జారి పడతాయి. కింద పాత దుప్పటి పరుచుకోండి.

ఫలితం ఎలా ఉందంటే, ఫ్యాక్టరీ బారెల్‌తో సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ అనే తూటాలు కాల్చినప్పుడు 50 గజాల్లో ఐదు గుళ్లు సుమారు అంగుళం వెడల్పులో పడేవి. ఇప్పుడు అవే తూటాలు అర అంగుళానికి కాస్త అటూ ఇటూ. బాగా తేడా ఉంది. కానీ బరువు పెరిగింది. ఒకప్పుడు భుజాన వేసుకుని పొలం గట్టు మీద నడిచేంత తేలికైన రైఫిల్ ఇప్పుడు బెంచ్ మీద సంచులకు ఆనించి కాల్చేదైంది. ఆ తేలిక నాకు ఇష్టంగా ఉండేది, అది పోయినందుకు ఇప్పటికీ బాధే.

ఇక సీజెడ్. చెక్ దేశంలో చేసే బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి తూటాకూ బోల్ట్ అనే మూతను చేత్తో తెరిచి మూయాలి. 457కి ముందు 455 ఉండేది. ఇంటి దగ్గరే బారెల్ మార్చుకోగల పద్ధతి అందులో నుంచి వచ్చిందే. రిసీవర్ కింద ఉన్న రెండు గ్రబ్ స్క్రూలు వదులు చేస్తే బారెల్ ముందుకు వచ్చేస్తుంది. రుగర్‌తో పోలిస్తే ఇది గట్టి పని. ఉక్కు రిసీవర్, పొడవుగా లోపలికి దిగే బారెల్. డ్రూప్ అన్న మాటే నాకు ఇక్కడ ఎదురుకాలేదు. ఒకే రైఫిల్‌కి .22 ఎల్‌ఆర్, .22 మాగ్నమ్, .17 హెచ్‌ఎమ్‌ఆర్ అనే మూడు రకాల తూటాలకూ బారెల్ మార్చుకోవచ్చన్న ఆశతోనే నేనిది కొన్నాను.

ఆ ఆశ మాత్రం తీరలేదు. .17 హెచ్‌ఎమ్‌ఆర్ తూటా 2002లో వచ్చింది. 17 గ్రెయిన్ల బరువున్న చిన్న గుండు సెకనుకు 2,550 అడుగుల వేగంతో పోతుంది, .22 స్టాండర్డ్ తూటా 1,070 దగ్గర ఉంటుంది. 100 గజాల్లో ఆ గుండు తిన్నగా పోతుంటే చూడ్డానికి చాలా బాగుంటుంది, ఆ మాట నిజం. కానీ బారెల్ మార్చిన ప్రతిసారీ మ్యాగజైన్ మార్చాలి, స్టాక్ స్క్రూలు మళ్లీ అంతే టార్క్‌కి బిగించాలి, స్కోప్ మళ్లీ జీరో చేసుకోవాలి, అంటే గుండు పడే చోటికి గురిని సరిపెట్టుకోవాలి. రాసి పెట్టుకున్న అంకెలకు నాబ్ తిప్పినా, మొదటి గుండు ఒక్కసారి కూడా సరిగ్గా అదే చోట పడలేదు. జీరో కోసమే ప్రతిసారీ పదిహేను, ఇరవై తూటాలు పోయేవి. ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు మార్చి విసుగొచ్చి ఆ బారెల్ అమ్మేశాను. రెండు క్యాలిబర్లు (తూటా కొలతలు) కావాలంటే రెండు రైఫిళ్లు కొనడమే మేలు.

ఇంకో భయం కూడా ఉంది. .22 ఎల్‌ఆర్ తూటా .22 మాగ్నమ్ ఛాంబర్లోకి (బారెల్‌లో తూటా కూర్చునే చోటు) వదులుగా దూరిపోతుంది. పేలితే కేసు చీలి వేడి గ్యాస్ వెనక్కి తన్నుతుంది. ఒకే రైఫిల్, ఒకే టేబుల్, రెండు రకాల డబ్బాలు పక్కపక్కన ఉంటే పొరపాటు జరగడానికి క్షణం చాలు. రేంజ్‌కి ఒక రకం తూటాలే తీసుకెళ్లడం అప్పటినుంచీ నా నియమం.

సీజెడ్‌కి నాకు బాగా కలిసొచ్చింది మ్యాచ్ ఛాంబర్ (పోటీల కోసం బిగుతుగా చేసిన ఛాంబర్) ఉన్న .22 ఎల్‌ఆర్ బారెల్. ఐదేళ్లుగా అదే ఉంది. బిగించాక గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లి హెడ్‌స్పేస్ కొలిపించాను. రిమ్‌ఫైర్‌లో తూటా అంచు మందానికి, బోల్ట్ మూసుకున్నాక దానికి దొరికే జాగాకు లెక్క కుదరాలి. గో గేజ్ 0.043 అంగుళాలు, నో-గో 0.046. మొదటిదాని మీద బోల్ట్ మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. మూడు వేలవంతుల తేడాలోనే అంతా ఉంది. జాగా ఎక్కువైతే సూది దెబ్బ బలహీనపడి కొన్ని తూటాలు పేలవు, కేసు అంచు పగిలే ప్రమాదమూ ఉంది. బారెల్ మీరే మార్చుకోండి, పర్వాలేదు. ఈ కొలత మాత్రం వదలొద్దు.

మ్యాచ్ ఛాంబర్‌తో ఒక ఇబ్బంది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇందులో గుండు ముక్కు రైఫ్లింగ్‌లోకి (బారెల్ లోపల మెలి తిరిగిన గాడులు) కాస్త దిగబడి కూర్చుంటుంది, గురి బాగుండటానికి అదీ ఒక కారణం. ఒకరోజు రేంజ్‌లో అందరినీ ఆగమన్నారు. నేను కాల్చని తూటాను బయటికి లాగితే కేసు ఒక్కటే వచ్చింది. సీసం గుండు బారెల్‌లోనే ఉండిపోయింది, మందు పలుకులు బోల్ట్ దారంతా చల్లుకుపోయాయి. ఆ రోజు ఇక కాల్చలేదు. బోల్ట్ తీసేసి, మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో గుండును మెల్లగా వెనక్కి తోసి, ఇంటికొచ్చి పలుకులన్నీ తుడిచాను. గుండు లోపల ఉందని చూసుకోకుండా ఇంకో తూటా పెట్టి కాల్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఇలాంటి ఛాంబర్లకు సీసీఐ స్టింగర్ తూటా కూడా వాడకూడదు, దాని కేసు మామూలు .22 కన్నా పొడవు.

గురి విషయానికొస్తే, ఫ్యాక్టరీ బారెల్‌తో అర అంగుళం గ్రూపులు వచ్చే సీజెడ్ ఇప్పుడు మంచి రోజున మూడో వంతు అంగుళంలో పెడుతోంది. అయితే ఈ తేడాలో సగం పేరు బారెల్‌కి ఇస్తాను, సగం తూటా లాట్‌కి (ఒకే విడతలో తయారైన తూటాలు) ఇస్తాను. అదే ఎస్కే స్టాండర్డ్ ప్లస్ తూటాల డబ్బా, లాట్ నంబర్ మారితే గ్రూపు పూసల దండలా విడిపోయింది. కొత్త బారెల్ కొన్నవాళ్లు వెంటనే తీర్పు చెప్పకుండా, కనీసం నాలుగైదు రకాల తూటాలు ఒక్కో డబ్బా కొని చూడండి. కుదిరిన లాట్ దొరికితే అదే నంబర్‌తో కార్టన్ కొనిపెట్టుకోండి. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారినప్పుడు బారెల్ లోపల మైనం పూత మారాలి, దానికి ఇరవై గుళ్లదాకా పడుతుంది. ఆ ఇరవై గుళ్ల గ్రూపు చూసి నిరాశపడొద్దు.

శుభ్రం చేయడం కూడా ఇలాగే. మొదట్లో ప్రతివారం బోర్ (బారెల్ లోపలి రంధ్రం) తోమేవాణ్ణి, ప్రతివారం మొదటి రెండు టార్గెట్లు పాడయ్యేవి. ఇప్పుడు ఛాంబర్ ముందు పేరుకునే గట్టి మసి వలయాన్ని మాత్రం కొన్ని వందల గుళ్లకోసారి నానబెట్టి తీస్తాను, మిగతా బోర్ జోలికి పెద్దగా వెళ్లను.

చట్టం సంగతి. అమెరికాలో సీరియల్ నంబర్ ఉండే రిసీవరే తుపాకీ కింద లెక్క. బారెల్ మామూలు విడిభాగంలా ఇంటికే వస్తుంది. కానీ రైఫిల్ బారెల్ 16 అంగుళాల కన్నా పొట్టిగా ఉంటే ఫెడరల్ చట్టంలో అది వేరే తరగతి, వేరే అనుమతులు కావాలి. కొన్ని రాష్ట్రాల నియమాలు ఇంకా కఠినం. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి ప్రయత్నించొద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధం భాగాలు కూడా ఆయుధం కిందికే వస్తాయి. హైదరాబాద్ షూటింగ్ రేంజ్‌లో నేర్చుకుంటున్న మా మేనల్లుడు అడిగితే కూడా ఇదే చెప్పాను. ఏ పనైనా లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారు చేతే చేయించుకోమన్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నా మాట వింటే, రుగర్ ఉంటే ముందు బారెల్ కొనొద్దు. స్టాక్ స్క్రూ సరిగ్గా బిగించి, బ్యాండ్ తీసి చూసి, మంచి తూటాలు వెతకండి. నాలాగే ఇంకా తృప్తి లేకపోతే అప్పుడు బారెల్ సంగతి చూడొచ్చు. సీజెడ్ కొనేవాళ్లు మార్చుకోవచ్చన్న మాట చూసి కాకుండా, మీకు కావాల్సిన క్యాలిబర్‌లోనే కొనండి. ఒక్కసారి మంచి బారెల్ వేసుకుని, ఇక దాన్ని కదపకండి. నా సీజెడ్ గ్రబ్ స్క్రూల మీద తెల్ల పెయింట్‌తో గీతలు పెట్టాను, తిరిగితే తెలిసిపోయేలా. ఐదేళ్లలో ఆ గీతలు జరగలేదు. రుగర్ పాత బారెల్‌ని మాత్రం నూనె గుడ్డలో చుట్టి దాచాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు రాగానే పాత స్టాక్‌లాంటిదే ఇంకోటి కొని, ఆ తేలిక రైఫిల్‌ని మళ్లీ కట్టాలని ఉంది.