లంబసింగి, వంజంగి, అరకు: బైకు మీద వెళ్తే చేతులు కొంకర్లు పోకుండా

లంబసింగి మంచు చూడాలని వచ్చే బైకువాళ్లలో చాలామంది నర్సీపట్నంలో గది తీసుకుని తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతారు. గది సులువుగా దొరుకుతుంది, నిజమే. కానీ చలి బాగా ముదిరే వేళకే చీకట్లో ముప్ఫై కిలోమీటర్లు, అందులోనూ ఘాట్‌రోడ్డు ఎక్కాలి. గాలి 5 డిగ్రీలుంటే, 60 కిలోమీటర్ల వేగంలో ఒంటికి తగిలే చలి దాదాపు మైనస్ 2 డిగ్రీలతో సమానం. ముందురోజు ఎండ ఉండగానే కొండెక్కి పైనే పడుకోవడం ఏ గ్లోవ్స్ కన్నా మేలు.

పైన టెంట్లు ఎక్కువ. మంచు చూసే చెరువులవేనం వ్యూపాయింట్‌కి దగ్గర కాబట్టి పొద్దున్నే ప్రయాణం తక్కువ. చిక్కంతా తేమతోనే. బైకు మీద వదిలేసిన గ్లోవ్స్ తెల్లారేసరికి తడిసి ముద్దవుతాయి, టెంటు మూల పెట్టినా చెమ్మగిల్లుతాయి. వాటిని దుప్పట్లోనే పెట్టుకుని పడుకోవాలి. డబ్బు కట్టేముందు రెండో దుప్పటి, వేణ్నీళ్లు ఇస్తారో లేదో అడగండి. గోడలున్న గది కావాలంటే ఇంకో ఇరవై కిలోమీటర్లు వెళ్లి చింతపల్లిలో చూసుకోవచ్చు, అయితే పొద్దున్నే అంత దూరం వెనక్కి రావాలి. డిసెంబరు, జనవరి శని, ఆదివారాల్లో రద్దీ విపరీతం. మామూలు రోజుల్లో వెళ్లడమే సుఖం.

సరైన సామాను లేనివాళ్లకి వంజంగి నయం. పాడేరులో బస చేస్తే బైకు ప్రయాణం కొద్దిసేపే, ఆపైన కొండ నడిచి ఎక్కడమే కాబట్టి ఒళ్లు దానంతటదే వేడెక్కుతుంది. అరకు ఇంకా తేలిక. పర్యాటక సంస్థ హరిత గదులున్నాయి, చూడాల్సినవి చాలావరకు పగటిపూటవే, తొమ్మిది దాటాక బండి తీసినా పెద్దగా పోయేదేమీ లేదు.

ఇక గ్లోవ్స్. మందంగా ఉంటే చాలనుకుని బిగుతుగా ఉన్నవి కొంటారు. బిగుతైతే రక్తం వేళ్ల చివరిదాకా అందదు, వెచ్చదనాన్ని పట్టి ఉంచే గాలిపొరా ఉండదు. పిడికిలి బిగించినప్పుడు వేలి కొసలు గుడ్డకు ఒత్తుకోకూడదు. లోపల పల్చటి సిల్కు లేదా ఉన్ని జత, పైన గాలి చొరనిది, ఈ రెండూ చాలు. ఉన్ని గ్లోవ్స్ ఒక్కటే వేసుకుంటే గాలి దూసుకుపోతుంది. గాలి ఆపే జత దొరక్కపోతే, లోపలి జత మీద మెడికల్ షాపులో దొరికే నైట్రైల్ గ్లోవ్స్ పెద్ద సైజువి తొడిగి, ఆపైన మామూలువి వేసుకోండి. గంటకోసారి తీసి ఆరనివ్వాలి, లేకపోతే చెమటే చలి పుట్టిస్తుంది. మణికట్టు దగ్గర సందు ఉండకూడదు, అక్కడ రక్తనాళాలు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. ఛాతీ చల్లబడితే శరీరం ముందు చేతులకే రక్తం తగ్గిస్తుంది కాబట్టి జాకెట్ లోపల రెండు మడతల న్యూస్‌పేపరు పెట్టినా వేళ్లకు తేడా తెలుస్తుంది.

హ్యాండ్‌గార్డులు పెట్టిస్తే గాలి నేరుగా వేళ్లకు తగలదు. బిగించాక హ్యాండిల్‌ని రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. బ్రేకు గొట్టానికో, క్లచ్ కేబుల్‌కో తగిలితే ఘాట్ మలుపులో ప్రమాదం. కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ గ్రిప్పులు అరచేతినే కాస్తాయి, చలి కొట్టేది వేళ్ల వెనకవైపు. గార్డులు లేకుండా వాటి వల్ల సగమే లాభం. పైగా చిన్న బండ్లలో కరెంటు ఉత్పత్తి తక్కువ, హెడ్‌లైటుతో పాటు గ్రిప్పులు కూడా వేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు. క్లచ్ కేబుల్‌కి నూనె వేయించి, మందపాటి గ్లోవ్స్ తొడుక్కునే లీవర్ దూరం సరిచూసుకోండి.

వేళ్లు మొద్దుబారి లీవర్ స్పర్శ తెలియకపోతే వెంటనే ఆపాలి. చేతులు చంకల్లో పెట్టుకోవడం మంచిది. ఇంజను మీద, సైలెన్సర్ మీద పెట్టకూడదు. మొద్దుబారిన వేలికి కాలేదాకా వేడి తెలియదు. టీకొట్టు చలిమంట దగ్గరా అంతే, కాస్త ఎడంగా ఉండాలి. వేళ్లకు సూదులు గుచ్చినట్టు అనిపించిందంటే రక్తం తిరిగి వస్తున్నట్టు. అది పూర్తిగా తగ్గి, లీవర్ మీద పట్టు కుదిరాకే మళ్లీ బండి తీయండి.